దుమ్ము అనే మాట
(యూనియన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీతాల సంగతి కాకుండా ఒక మాట గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. ఆ మాట దుమ్ము. అది మన ఊపిరితిత్తుల్లోనే ఉంది గనుక కాస్త ఓపిక పట్టండి.

తెలుగులో ఈ మాటకు పనులెక్కువ. ఎవరినైనా తిడితే దుమ్మెత్తిపోశాడంటాం. చితకబాదితే దుమ్ము దులిపాడంటాం. సినిమా బాగా ఆడితే దుమ్ము రేపిందంటాం. పెద్దల పాదధూళి నెత్తిన పెట్టుకుంటాం. ఆవులు ఇంటికి మళ్లే వేళ గోధూళి. మన షోలాపూర్ మరాఠీ వాళ్లు గోరజ్ ముహూర్తమని ఆ వేళకు పెళ్లిళ్లే చేస్తారు. టీ పొడిలో డస్టు రకాన్ని డబ్బిచ్చి మరీ కొంటాం. దుమ్మంటే ఎముక కూడా. దుమ్ములగొండికి ఆ పేరు అందుకే వచ్చింది.

మిల్లులో మాత్రం ఈ మాట వల్ల నష్టపోతున్నాం. బ్లోరూంలో బేళ్లు విప్పేచోట, కార్డింగులో లేచేదాన్ని ‘దుమ్మే కదా’ అని వదిలేస్తాం. రోడ్డు మీది దుమ్మూ అదీ ఒకటి కాదు. కనురెప్పల మీద తెల్లగా పేరుకునే నూగు చాలావరకు ముక్కు దగ్గరే ఆగుతుంది. అసలు చేటు కంటికి కనబడనిది: పత్తితోపాటు వచ్చిన ఎండుటాకుల, కాయ డొప్పల పొడి, దాని మీది సూక్ష్మజీవుల విషం. మూతికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపలేదు. గాలి పైపుతో మిషన్లు ఊదితే కూర్చున్నదంతా మళ్లీ లేస్తుంది. పీల్చే యంత్రంతోనే తీయాలి. సాంచాల మీద ఈ దుమ్ము తక్కువే, లేదని మాత్రం కాదు.

దీనివల్ల వచ్చే జబ్బు పేరు బిస్సినోసిస్. నోరు తిరగదు, అయినా నేర్చుకోండి. గ్రీకులో బిస్సోస్ అంటే సన్నని నారబట్ట. బట్ట పేరే జబ్బుకు పెట్టారు. వారపు సెలవు తర్వాత మొదటి షిఫ్టులో ఛాతీ బిగిసి ఆయాసం వస్తుంది, మర్నాటికి తగ్గుతుంది. అదీ గుర్తు. సోమవారం జబ్బు అనడం అందుకే. ఏళ్లు గడిస్తే అన్నీ సోమవారాలే. అప్పుడు పోయిన ఊపిరి మందులతో తిరిగి రాదు.

అమెరికాలో 1978లో నూలు తీసే విభాగాల్లో ఘనమీటరు గాలికి 200 మైక్రోగ్రాములకు మించి పత్తి దుమ్ము ఉండరాదన్నారు. ఖర్చు ఎక్కువని యజమానులు సుప్రీంకోర్టుకెక్కి 1981లో ఓడిపోయారు. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టమే 14వ సెక్షనులో దుమ్మును పీల్చి బయటికి పంపే బాధ్యత యజమాని మీద పెట్టింది. 2020 నాటి భద్రతా కోడ్‌లో ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల పట్టికలో బిస్సినోసిస్ ఉంది. పరిహారమిచ్చే జబ్బుల పట్టికలోనూ ఉంది. చీటీ మీద దగ్గు, ఆస్త్మా, బీడీ అలవాటు అని రాసుంటే ఆ పట్టికలు మనకేం చేస్తాయి?

అందుకని డాక్టరు దగ్గర ‘దుమ్ము పడట్లేదు సార్’ అని ఊరుకోకండి. ఏ ఖాతాలో ఎన్నేళ్లు చేశారో, సెలవు మర్నాడు ఎలా ఉంటుందో చెప్పి రాయించండి. గొట్టంలో ఊపిరి ఊదే పరీక్ష షిఫ్టుకు ముందొకసారి, తర్వాతొకసారి చేయమనండి. చీటీలో ఏం రాశారో తెలియకపోతే యూనియన్ ఆఫీసుకు పట్టుకురండి, చదివి చెబుతాం.