బొకనాదా: ఒక అర్జెంటీనా గాయకుని ఆల్బము
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు మాటలాడుట వాడుక. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో నున్నవి. నేను నేడొక పాటల ఆల్బమును గూర్చి చెప్పదలచితిని. అది మన దేశపుది కాదు, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశపుది. అంత దూరపు సంగతి ఈ సభలో నెందుకో ముందుగా ఒప్పుకొనవలసి యున్నది.

గత సంవత్సరము పదవ తరగతి బాలుడొకడు తన యింటి పాత కంప్యూటరులో బడిగంట మ్రోతను, బెంచీపై వేసిన దరువును, అమ్మమ్మ రోట పిండి దంచునప్పటి చప్పుడును పట్టి, వానిని కూర్చి ఒక తెలుగు పాట చేసెను. తండ్రిగారు నా యొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, మావాడు పుస్తకము ముట్టుట మానినాడు. మీరైనను నాలుగు చీవాట్లు పెట్టండి” అనిరి. నేను పెట్టితిని. ఆ పాటను వినకయే పెట్టితిని. “ఇది సంగీతము కాదురా, కత్తిరించి అతికించుట” అని కూడ అంటిని. కొన్ని మాసములకు మన పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చి ఈ ఆల్బమును నాకు వినిపించెను. అప్పటినుండి నా మాట నన్నే పొడుచుచున్నది.

దాని కర్త గుస్తావో సెరాతి. ఆయన 1959లో బ్యూనస్ ఐరిస్ నగరమున జన్మించెను. 1982లో మరి యిద్దరితో కలిసి సోడా స్టీరియో అను రాక్ బృందమును నెలకొల్పెను. అదే సంవత్సరమున అర్జెంటీనాకును బ్రిటనుకును మాల్వినాస్ ద్వీపములకై యుద్ధము జరిగెను. అప్పుడు అక్కడి రేడియోలు ఇంగ్లీషు పాటలను ప్రక్కకు నెట్టగా, అంతకుముందు నుండియు స్పానిషున రాక్ పాడుచున్న దేశీయులకు చోటు దొరికెను. పిమ్మట ఆ ముగ్గురి పాటలు చిలీ, పెరూ, మెక్సికోల వరకు ప్రాకినవి. అన్నిచోట్లను భాష యొకటే యగుట వారి భాగ్యము. మనవంటివారికి వీధి దాటినచో భాష మారును!

1997 సెప్టెంబరు 20వ తేదీన రివర్ ప్లేట్ క్రీడాస్థలమున వేలకొలది జనుల యెదుట ఆ బృందము వీడ్కోలు చెప్పెను. సెరాతికి అప్పుడు 38 ఏండ్లు. పేరున్నది, గిటారున్నది. పాత పాటలే పాడుకొనుచు జీవితమంతయు గడుపవచ్చును. ఆయన అట్లు చేయలేదు. ఇంటిలోనే పరికరములు అమర్చుకొని, పెట్టెవంటి యొక యంత్రము ముందు కూర్చుండెను. 1999లో వెలువడిన ‘బొకనాదా’ చాలవరకు ఆ యింట పుట్టినదే. ఆ మాటకు ఒక్కమారు నోట నిండిన పొగ, లేక గాలి, అని యర్థము. అందు 15 ఖండములు కలవు.

ఆ యంత్రము అకాయ్ ఎం.పి.సి. 2000. దానిపై పదునారు రబ్బరు బొత్తాములుండును. ఏదైన నొక శబ్దమును, పాత రికార్డులోని తునకనైనను సరే, అందు పట్టి ఒక్కొక్క బొత్తామునకు అప్పగింపవచ్చును. వ్రేలితో కొట్టినచో ఆ తునక పలుకును. వినుటకు సులభము. కాని తునక యెచ్చట మొదలు కావలెనో, ఎచ్చట తెగవలెనో నిర్ణయించునది చెవియే గాని యంత్రము కాదు. వెంట్రుకవాసి తప్పినను తాళము కుంటును. ‘బొకనాదా’ అను పాటకే నెదర్లాండ్సు దేశపు ఫోకస్ బృందము 1971లో చేసిన యొక రచనలోని తునక ఆధారము. నేను కత్తిరింపు అన్నది దీనినే. ఆ పాట విన్నప్పుడు అతుకు ఎచ్చట నున్నదో నాకు కనబడలేదు.

యంత్రము పట్టినవాడు మనుష్యులను విడిచెననుకొందురేమో. ‘వెర్బో కార్నే’ అను పాటకు లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో 48 మంది వాద్యకారులు వాయించిరి. బీటిల్స్ బృందము పాడిన చోటు అదియే. ‘పుయెంతే’, అనగా వంతెన, అను పాటలో గిటారు మునుపటివలెనే ముందు నిలుచును. నాకు మిక్కిలి నచ్చినది ‘రాయిస్’. ఆ మాటకు వేరు అని యర్థము. అందు ఆండీస్ కొండల జానపద సంగీతపు వాసన, కంప్యూటరు దరువు, రెండును ఒకే పాదున పెరిగినవి. అమ్మమ్మ రోటి చప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చినది అచ్చటనే.

అన్నియు నచ్చినవని చెప్పను. కొన్ని ఖండములు నా చెవికి మరీ దీర్ఘములు. నాకు స్పానిషు రాదు గనుక మాటల సొగసు కొంత పోయియుండును. ఆయనయు ఈ మార్గముననే నిలిచిపోలేదు. 2006లో ‘ఆయీ వామోస్’ అను ఆల్బముతో తిరిగి గిటారు రాక్ వైపు మరలెను. 2010 మే నెలలో వెనిజువెలాలోని కరాకస్ నగరమున కచేరీ ముగించిన వెనుక పక్షవాతము తగిలి, నాలుగేండ్లు తెలివి లేక యుండి, 2014 సెప్టెంబరు 4న మరణించెను.

ఆ బాలుని పిలిపించి, పోయిన నెలలో వాని పాటను మొదటిసారి వింటిని. మొదట తాళము రెండుచోట్ల తప్పినది. చెప్పితిని. వాడు దిద్దుకొని వచ్చెను. పరీక్షలలో వాని మార్కులు ఎట్లున్నవో తండ్రిగారికి తెలియును, నేను దాచలేదు. గణితమున ఇంకను కృషి కావలెను. నా తొందరపాటునకు వానిని క్షమాపణ అడిగితిని. తండ్రిగారు మాత్రము ఆ పాటను ఇంతవరకు వినలేదు. వారు రెండవ వరుసలో కూర్చున్నారు.

పాట మూడు నిమిషములే. తలుపు దగ్గర నున్న పిల్లలు దయచేసి నిశ్శబ్దముగా నుండుడు. ఇక వినిపించుము, నాయనా.