విద్యుత్తును కొలుచు పెట్టె



బావివద్ద మోటారు ఆగినపుడు మిస్త్రీ తన సంచినుండి తీయు చిన్నపెట్టెను మీరందఱును చూచియే యుందురు. దానికి ఎఱ్ఱతీగ యొకటి, నల్లతీగ యొకటి, నడుమ త్రిప్పుటకు గుండ్రని మీట యొకటి యుండును. దానిని మల్టీమీటరందురు. దాని లోపల నేమున్నదో నేడు మనవి చేయదలచితిని. ఇది కేవలము వేడుకకై చెప్పు మాట కాదు. ఆ మీట ఒక గడి తప్పినందున నా చేయి కాలినది.

ముల్లుగల పాతరకపు పెట్టెలో అయస్కాంతమొకటి యుండును. దాని కొనల నడుమ సన్నని రాగితీగచుట్ట తిరుగుటకు వీలుగా అమర్చబడి యుండును. ఆ చుట్టకు ముల్లును, ముల్లును వెనుకకు లాగుటకు గడియారములోని దానివంటి సన్నని స్ప్రింగును గలవు. తీగలో విద్యుత్తు పారినపుడు చుట్ట తానును అయస్కాంతమై తిరుగును. ప్రవాహమెంతయో ముల్లంత జరుగును. ఇట్టి సాధనమును ఫ్రాన్సు దేశమున 1882లో దార్సన్వాల్, దెప్రే అనువారు నిర్మించిరి. ఆంపియర్లను, వోల్టులను, ఓములను ఒక్కటిగా కొలుచు ఆవోమీటరు 1923లో ఇంగ్లండున వెలువడెను.

వింత యేమనగా, ఆ ముల్లు ఎఱిగినది అతిస్వల్ప ప్రవాహమొక్కటియే. ఆంపియరులో వెయ్యవవంతు పారినంతనే అది చివరి గీతకు పోవుననియు, తీగచుట్ట నిరోధము 100 ఓములనియు అనుకొందము. అది 250 వోల్టులనెట్లు కొలుచును?

వోల్టులు చెరువులోని నీటిమట్టము వంటివి. ఆంపియర్లు తూముగుండ పారు నీటివంటివి. మట్టమును కొలువవలసినపుడు తీగచుట్టకు ముందు 2,49,900 ఓముల నిరోధకమును నిలుపుదురు. అది సూదిబెజ్జమంత తూము. 250 వోల్టులున్నను వెయ్యవవంతు ఆంపియరే లోనికి వచ్చును. ప్రవాహమును కొలుచుటకు పద్ధతి తలక్రిందు. ఒక ఆంపియరును కొలువవలెనన్న, చుట్ట ప్రక్కనే ఓములో సుమారు పదవవంతు నిరోధముగల లావుపాటి తీగను కలుపుదురు. వెయ్యి పాళ్లలో 999 పాళ్లు ఆ పెద్దకాలువవెంట పోవును. ఒక్కపాలు ముల్లును కదలించును. ఆ ప్రక్కదారిని షంటు అందురు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారులు ముందువెనుకలాడును. ముల్లు దానివెంట పోజాలదు. కావున ఒకవైపునకే దారినిచ్చు తలుపువంటి రెక్టిఫయరును నడుమ నుంతురు. తీగ తెగినదో లేదో చూచునపుడు పెట్టెలోని బ్యాటరీయే ప్రవాహమును పంపును. అందుచే అప్పుడు వెలుపలి విద్యుత్తును ముందుగా ఆపవలెను.

ఇక నా సంగతి. యౌవనమున నొకనాడు రేడియో బ్యాటరీ ప్రవాహమును కొలిచి, మీటను త్రిప్పుట మఱచి, ఆ పెట్టెతోనే మా బావి మోటారునకు విద్యుత్తు వచ్చు రెండు తీగలను తాకితిని. 2,50,000 ఓములుండవలసినచోట ఓములో పదవవంతే యున్నది. అనగా 25 లక్షలలో ఒకవంతు. చెరువుకట్టకు గండిపడినట్లయినది. కన్నులు చెదరునట్లు మెఱసెను, పెట్టె పగిలెను, అరచేయి కాలెను. ఫ్యూజు వెంటనే పోయియుండిన అంత జరిగెడిది కాదు. కాని అది మాటిమాటికి పోవుచున్నదని దానిస్థానమున లావుపాటి రాగితీగను కట్టియుండిరి. ఆ తీగ కట్టినవాడను నేనే.

నేటి పెట్టెలలో ముల్లునకు మాఱుగా అంకెలు కనబడును. వానిలో పెక్కింటియందు కండెన్సరు అను చిన్నపాత్రను విద్యుత్తుతో నింపి, అది ఖాళీయగుటకు పట్టిన కాలమును లెక్కించి అంకెలుగా చూపుదురు. వోల్టుల గడిలో సాధారణముగా కోటి ఓములు అడ్డముండును. ఆంపియర్ల దారిలో మాత్రము నేటికిని ఆ షంటే యున్నది. ఎఱ్ఱతీగను ఆంపియర్ల రంధ్రమున మఱచినను ఆ ప్రమాదమే.

కావున మీ యింటి పిల్లవాడు ఈ పెట్టెను చేపట్టినపుడు మూడు మాటలడుగుడు. మీట యే గడిలో నున్నది? ఎఱ్ఱతీగ యే రంధ్రమున నున్నది? ఫ్యూజులో నున్నది తగిన ఫ్యూజుతీగయేనా? పెట్టె సున్న చూపినదని తీగను ముట్టరాదు. విద్యుత్తున్నదని తెలిసినచోట ముందొకసారి, తరువాత నొకసారి పెట్టెను పరీక్షించి, అది పనిచేయుచున్నదని తెలిసికొనవలెను. అడుగుట పెద్దల పని. అడిగినందున పోవునది అరనిమిషమే.

సెలవు.