కెంపెగౌడ ఆజ్ఞ



దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గర 2022 నవంబరులో కెంపెగౌడ విగ్రహం ఆవిష్కరించారు. ఎత్తు 108 అడుగులు. చేతిలో పెద్ద కత్తి. సర్జాపురం, ఆనేకల్లు వైపు మనవాళ్ళకు ఆయన కొత్త కాదు. ఆయన మొరసు ఒక్కలిగ. మొరసు వారిళ్ళలో కన్నడమూ తెలుగూ రెండూ వినబడతాయి. ఆ వంశపు ప్రభువు పేరిటే ‘గంగాగౌరీ విలాసము’ అనే తెలుగు యక్షగానం ఉంది.

కెంపెగౌడ యలహంక నాటి ప్రభువు, విజయనగర సామంతుడు. 1537లో బెంగళూరులో మట్టికోట కట్టించాడు. ఎద్దులను నాగళ్ళకు కట్టి నాలుగు దిక్కులకూ దున్నించి, ఆ చాళ్ళ వెంట వీధులు వేయించాడని చెబుతారు. సొంతంగా నాణేలు ముద్రించినందుకు ఆనెగొందిలో ఐదేళ్ళు చెరలో ఉన్నాడట. తిరిగొచ్చి మళ్ళీ నాడును ఏలుకున్నాడు. 1569లో కన్నుమూశాడు. మాటంటే మాటే అనే మనిషి.

అంతటి ప్రభువు మాట ఎక్కడ చెల్లలేదో చూద్దాం.

మొరసు వారిలో కొన్ని ఇళ్ళలో పూర్వం ఒక ఆచారముండేది. ఆడవాళ్ళ చిటికెన వేలు, ఉంగరపు వేలు కణుపుల దగ్గర నరికేవారు. దానికొక కథ. రాక్షసుడికి భయపడి శివుడు పొలంలో దాక్కున్నాడు. “ఎక్కడున్నాడు?” అని రాక్షసుడు అడిగితే, రైతు “చూడలేదు” అంటూనే చిటికెన వేలితో ఆ చోటు చూపించాడు. శివుడు ఆ వేలు ఇమ్మన్నాడు. అంతలో అన్నం తెచ్చిన భార్య అడ్డుపడింది. మగడి వేలు పోతే సేద్యమెలా, దానికి బదులు నావి రెండు తీసుకో స్వామీ అంది. తప్పు చేసింది మగడు, వేళ్ళు పోయినవి ఆమెవి. ఆమె తర్వాత పుట్టిన ఆడవాళ్ళవీ పోయాయి.

కెంపెగౌడ ఈ ఆచారాన్ని మాన్పించాడని చెప్పుకుంటాం. కానీ రెండు వందల ఏళ్ళు దాటాక కూడా ఇదే దేవనహళ్ళి ప్రాంతంలో ఇది సాగుతోందని మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ దొర చెప్పాడు. పెద్దకూతురికి చెవులు కుట్టించే ముందు తల్లి వేళ్ళను ఊరి కమ్మరి ఉలితో కొట్టేవాడట. తర్వాత సర్కారు వారు నిషేధించాక, వేలికి బంగారు తొడుగో వెండి తొడుగో పెట్టి, దాన్ని లాగేసి తృప్తిపడ్డారు.

కోట సంగతీ ఇలాంటిదే. దక్షిణపు వాకిలి ఎన్నిసార్లు కట్టినా కూలిపోతోందట. నిండు చూలాలిని బలి ఇస్తేనే నిలుస్తుందన్నారు. కెంపెగౌడ ససేమిరా ఒప్పుకోలేదు. ఆ రాత్రే గర్భిణి అయిన కోడలు లక్ష్మమ్మ ఒక్కతే వెళ్ళి తన తల తానే నరుక్కుంది. ఇది జనం చెప్పుకునే కథే, శాసనం కాదు. దీన్ని త్యాగమని పొగుడుతూ ఉంటాం. నాకు మాత్రం వేరే ఆలోచన వస్తుంది. మామ వద్దన్నాడు సరే, బలి మాట ఆ పిల్ల చెవిన వేసిందెవరు? నువ్వు వెళ్ళకపోతే కోట నిలవదని ఎవరన్నారు? కథ చెప్పేవాళ్ళెవరూ ఆ పేర్లు చెప్పరు.

ఆమె సమాధి కోరమంగలలో ఉంది. సర్జాపురం రోడ్డు అక్కడికే చేరుతుంది. నగరానికి వెళ్ళే పనిబడితే, ఓ పది నిమిషాలు దిగి చూసి రండి.