ఇల్లు చూచుట

చీర కొనుటకు నాలుగు దుకాణములు తిరుగు మనము, ఇంటి విషయమున ఒక్క ఆదివారపు దర్శనముతోనే బయానా ఇచ్చివేయుచుందుము. గడచిన సంపాదనయు, రాబోవు ఇరువది ఏండ్ల బ్యాంకు వాయిదాలును ఆ సంతకముతో ముడివడుచున్నవి గదా!

గత సంవత్సరము హైదరాబాదులో మేము దంపతులము పదునాలుగు ఇండ్లు చూచితిమి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మా అత్తగారు మాతో ఉండవలెను. అన్ని ఇండ్లలోను అవే ప్రశ్నలడిగి, ఒకే నోటు పుస్తకమున వ్రాసికొంటిమి. లేనియెడల ఒక ఇంటి వంటగది, మరియొక ఇంటి వసారా మనస్సులో కలిసిపోవును.

మొట్టమొదట ధర. అమ్మువారు చెప్పు చదరపు అడుగులలో మెట్లు, లిఫ్టు, నడవలలోని వాటాయు చేరియుండును. 2016 నాటి రెరా చట్టము కార్పెట్ ఏరియాను నిర్వచించినది: వెలుపలి గోడలు, బాల్కనీలు విడిచి, లోపలి అడ్డుగోడలతో సహా మనము వాడుకొను నేల. 1,500 అడుగుల ఇల్లు 90 లక్షలు, 1,350 అడుగులది 86 లక్షల 40 వేలు అనుకొందము. అడుగు 6,000 చొప్పున మొదటిదే చౌకగా తోచును, రెండవది 6,400. కాని టేపు పట్టి కొలువగా మొదటిదానిలో 1,050, రెండవదానిలో 1,080 అడుగులు తేలినచో, నిజమైన ధర మొదటిదానికి సుమారు 8,571, రెండవదానికి 8,000. బేరము తారుమారైనది!

నీటిని గూర్చి అమ్మువారిని గాక వాచ్‌మన్‌ను, పై అంతస్తువారిని అడుగవలెను. మే నెలలో ట్యాంకర్లెన్ని వచ్చినవి? దానికెవరెంత ఇచ్చిరి? గది అంతయు పాతబడి, ఒక్క గోడకే క్రొత్త రంగున్నచో, ఆ గోడ వెనుక స్నానాల గది యున్నదేమో చూడుడు. 2020 అక్టోబరులో హైదరాబాదున, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడన, నీరు ఇండ్లలోనికి వచ్చినది. చెరువు దాపున ఇల్లైనచో ఇరుగుపొరుగు గోడలపై నీటి మరక ఎంత ఎత్తున నిలిచినదో చూచుట మేలు.

ఈశాన్యమును గూర్చి పెద్దలతో మేము వాదింపము. అయితే పడమటి గోడ ప్రక్కనున్న పడకగదిలో సాయంకాలము నాలుగు గంటలకు పది నిమిషములు నిలిచి చూచుటకు ఏ శాస్త్రమును అడ్డురాదు.

కాగితములు వకీలుకు చూపవలెను: లింకు దస్తావేజులు, ముప్పది ఏండ్ల ఈసీ, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు. ప్లానులోని అంతస్తులను మాత్రము వీధిలో నిలిచి మనమే లెక్కింపవచ్చును. ప్లానులో మూడు, కంటికి నాలుగు కనబడిన ఇంటిని మేము అక్కడనే కొట్టివేసితిమి. అందు హాలు ఎంతో విశాలమైనది!

తుదకు రెండు మిగిలెను. ఒకదానిలో లిఫ్టున్నది గాని, దానిని చేరుటకు ఐదు మెట్లెక్కవలెను. అత్తగారిని వెంటబెట్టుకొని మరల పోయితిమి. ఆమె మూడవ మెట్టుపై ఆగి, కమ్మీ పట్టుకొని, “రెండవ ఇల్లు చూపించండి” అనిరి.