చెరువు నిండిన వేళ చేప దాటిపోకుండ



చెరువు మరవ పారుచున్నదన్న మాట మన చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెలలో శుభవార్త. ఆ దినమున ఊరంతయు కట్టమీద చేరును. గంగమ్మకు పసుపు కుంకుమలు సమర్పింతురు. అదే సమయమున మరవ దిగువన మరియొక సందడి కనబడును. పిల్లలు, పెద్దలు పంచెలు, గంపలు, పాత దోమతెరలు పట్టుకొని, నీటితో దాటివచ్చిన చేపలను ఏరుకొనుచుందురు. చూచువారికది వినోదము. కాని ఆ చేప పంచాయతీ సొమ్ముతోనో, చేపలపాట పాడుకొన్నవారి పెట్టుబడితోనో పెరిగినది. నెలల తరబడి పెంచిన సంపద ఒక్క రాత్రిలో వంకపాలగుచున్నది. దీనిని నివారించు మార్గమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

ముందుగా చేప ఏల దాటునో తెలిసికొనవలెను. మనము చెరువులలో పెంచు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను చేపలు స్వభావముచే నదీజాతులు. వానకాలమున క్రొత్తనీరు వచ్చినపుడు ఏటికెదురీది, వరద పరచుకొన్న లోతులేని తావులలో గ్రుడ్లు పెట్టుట వాని నైజము. చెరువులోనున్నను ఆ గుణము పోదు. నీటికి కదలిక రాగానే కొన్ని ఎదురీది వంకలోనికి ఎక్కును. కొన్ని మరవ చెంత గుమిగూడి నీటితో జారిపోవును, లేక అడ్డమును ఎగిరి దాటును. వెండిచేప చప్పుడునకు బెదరియే నీటిపైకి ఎగురును. కొర్రమీను గాలి పీల్చగలదు గనుక తడినేలపై ప్రాకియైనను పోగలదు.

మరియొక సంగతి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలువనీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. అందుచేతనే పూర్వము నదులనుండి పిల్లలను పట్టి తేవలసివచ్చెడిది. 1957 జులై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, వారి సహచరులు గ్రంథిరసమును సూదిమందుగా ఎక్కించి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నేడు మనకు దొరకు చేపపిల్ల ఆ విధాన ఫలమే. అనగా దాటిపోయిన చేపకు బదులు చెరువులో దానంతటది పుట్టదు; మరల కొని తెచ్చి విడువవలసినదే.

పాఠశాలలోని గాజుతొట్టెకైనచో మూతపెట్టి, నీటిని అంచువరకు నింపక నాలుగు వేళ్ల ఎడము విడిచిన చాలును. చెరువునకు మూత వేయలేము. కావున వేరు ఉపాయములు చేయవలెను.

మొదటిది, మరవ ఎదుట తడిక. దీనిని మరవ అంచుననే బిగించుట తప్పు. అచట నీటి వడి హెచ్చు. చెత్త పట్టి దారి మూసికొనిపోవును. చెరువులోపలి వైపున కొంత దూరముగా, విల్లువలె వంపుతిప్పి, గుంజలు నాటి తడిక కట్టవలెను. తడిక ఎంత పొడవైన, నీటి వడి దానిపై అంత తగ్గును. వెదురు బద్దలు నిలువుగా ఉండవలెను; అడ్డబద్దలు తక్కువైనచో చెత్తను పైకి లాగివేయుట సులభము. బద్దల సందు చేప నడుముకంటె ఇరుకుగా ఉండవలెను. నిండునీటి మట్టముపై రెండు మూడు అడుగుల ఎత్తుంచి, పైభాగమును చెరువువైపునకు వంచినచో ఎగిరిన చేప మరల నీటిలోనే పడును.

రెండవది, తూము నోటికి, నీరు తెచ్చు వంక ముఖమునకు కూడ తడిక లేదా వల ఉండవలెను. మూడవది, చీమతలంత పిల్లలను విడువక వేలెడు పొడవు పెరిగిన పిల్లలనే విడువవలెను. చిన్నపిల్లను ఏ తడికయు ఆపలేదు. నాలుగవది, తుఫాను హెచ్చరిక రాగానే అమ్మకమునకు తగిన చేపను ముందే పట్టించవలెను. మనకు పెద్దవానలు తరచుగా అక్టోబరునుండి డిసెంబరు వరకు వచ్చును గదా.

మబ్బుపట్టిన దినములలో తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో, అది నీటిలో ప్రాణవాయువు తగ్గినదనుటకు గుర్తు. అపుడు పేడ, ఎరువులు వేయుట మాని, నీటిని చిలికించవలెను. వీలైనచో క్రొత్తనీరు పెట్టవలెను.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక. చేప నిలువవలెనని మరవకు ఇసుకమూటలు, పలకలు అడ్డుపెట్టుట ఎన్నటికిని కూడదు. మరవ చెరువునకు ప్రాణరక్షకము. దాని దారి మూసినచో నీరు కట్టనెక్కును. కట్ట తెగినచో చేపయు నీరును మాత్రమే కాదు, దిగువనున్న పైరులు, ఇండ్లు, ప్రాణములు పోవును. 2021 నవంబరులో కురిసిన పెనువానలకు తిరుపతి సమీపమందలి రాయలచెరువు కట్టకు ప్రమాదమేర్పడి, దిగువ గ్రామములవారిని సురక్షిత స్థలములకు తరలింపవలసివచ్చినది మీరెరుగుదురు. అంతటి చెరువునకే అట్టి గడ్డురోజు వచ్చినపుడు మన ఊరి చెరువు మాట చెప్పనేల?

తడికయు చెత్తపట్టినచో అడ్డుకట్టయే యగును. కావున సులభముగా ఊడదీయుటకు వీలగునట్లు కట్టవలెను. వానలకు పూర్వమే పంచాయతీ సమావేశమున మూడు సంగతులు తీర్మానించి వ్రాసి ఉంచుడు: రాత్రింబవళ్లు తడికను కాచువారెవరు? చెత్త తీయు పని ఎవరిది? నీరు ఏ గుర్తు దాటినచో తడిక తీసివేయవలెను, ఆ మాట చెప్పువారెవరు? చేపలపాట పాడుకొన్నవారి సమ్మతి కూడ అపుడే పొందవలెను. అర్ధరాత్రి వరదలో కట్టమీద తగవులాడుటకు వ్యవధి ఉండదు. తడిక కట్టుటకు ముందు నీటిపారుదల శాఖ, మత్స్యశాఖ ఉద్యోగుల సలహా తీసికొనుట మేలు.

చేప పోయినచో మరుసటి ఏడు పిల్లను విడువవచ్చును. కట్ట పోయినచో తరముల శ్రమ పోవును. ముందు కట్ట, పిదప చేప. ఈ క్రమము తప్పకున్నచో మరవ పారిన దినము ఊరికి నిజముగా పండుగయే యగును.