నది పేరే ఊరి పేరు

మాకు భూగోళం చెప్పిన మాస్టారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పమన్నారు. తరగతిలో పటం విప్పగానే ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈ పేరు ఎవరు పెట్టార్రా?" ఆ ప్రశ్ననే పట్టుకుని ఇవాళ అలాస్కా దాకా వెళ్దాం.

అక్కడి కాపర్ నది పరీవాహకం అహ్తనా ప్రజల సొంత నేల. ఊళ్ల పేర్లు చూడండి: చిటినా, తాజ్లినా, గల్కానా, గకోనా, చిస్టోచినా. ఆ చివరి 'నా' అంటే వాళ్ల భాషలో నది. చిటినా రాగి నది, గకోనా కుందేళ్ల నది. ఉపనది వచ్చి పెద్ద నదిలో కలిసే చోట్లే వాళ్లు ఊళ్లు కట్టుకున్నారు. పెద్ద నది హిమానీనదాల బురదతో ఎప్పుడూ మసకే. చేప కంటికి కనపడదు, చేతివల దింపి అందినంత తోడుకోవాలి. కొన్ని ఉపనదుల నీళ్లు మాత్రం తేట. అక్కడ అడ్డుకట్ట వేసి సాల్మన్‌ను చూసి పట్టవచ్చు. పట్టిన చేపను చీల్చి, ముల్లు తీసి, కర్రలమీద ఆరేసి ఎండబెడితే చలికాలానికి అదే తిండి. వేసవిలో ఏటి ఒడ్డున విడిది, ఆకురాలు కాలంలో కొండలమీద వేట, మంచు పడేసరికి మళ్లీ ఊరు. ఇంత తిరిగేవాళ్లకు ఊరు లేదనుకుంటే పొరపాటే. ఆ రోజుల్లో పెద్ద ఊళ్ల నాయకుణ్ణి సైతం 'ఫలానా చోటి మనిషి' అని ఊరి పేరుతోనే పిలిచేవారు.

పటాలు ఈ వరసను తిరగేశాయి. ఎగువన టనాడా వాగు కలిసే చోట ఉన్న ఊరిని వాళ్లు నతేల్దె అంటారు, కాల్చిన సాల్మన్ చోటు అని. 1885లో లెఫ్టినెంట్ హెన్రీ అలెన్ దళం ఆ దారిన వచ్చింది. అక్కడి నాయకుడి పేరే బాట్జుల్నెటాస్‌గా మారి పటానికెక్కింది.

తర్వాత పిల్లల చదువు కోసం అక్కడివాళ్లు మెంటాస్టా అనే ఊరికి తరలిపోయారు. 1964లో రాష్ట్ర ప్రభుత్వం అక్కడ చేపలు పట్టడాన్నే ఆపేసింది. దిగువన వినోదానికి గాలాలు వేసేవాళ్లకు అడ్డు లేదు. తరతరాలుగా అక్కడ బతికినవాళ్లకే నిషేధం! ఇది అన్యాయమని ఈ వేదికమీద గట్టిగానే అంటాను. 1971లో వచ్చిన అలాస్కా మూలవాసుల భూముల చట్టం అహ్తనా వాళ్లకు దాదాపు 17 లక్షల 70 వేల ఎకరాలు రాసిచ్చింది కానీ, తరతరాలుగా వస్తున్న వేట, చేపల హక్కులను రద్దు చేసింది. అదే వాగు ఒడ్డున పెరిగిన కేటీ జాన్, తోటి పెద్దావిడ డోరిస్ చార్లెస్ 1985లో కోర్టుకెక్కారు. పదేళ్ల తర్వాత అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. 2001లో గవర్నర్ టోనీ నోల్స్ స్వయంగా ఆ వాగు ఒడ్డునున్న విడిదికి వెళ్లి కేటీ జాన్‌ను కలిశాడు. ఆ తర్వాత, కేసును సుప్రీంకోర్టుకు తీసుకెళ్లబోనని ప్రకటించాడు.

కేటీ జాన్ 2013లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పటంలో మాత్రం ఇప్పటికీ బాట్జుల్నెటాస్ అనే ఉంది. మీ దగ్గర అలాస్కా పటం ఉంటే, దాని పక్కన నతేల్దె అని పెన్సిల్‌తో రాసుకోండి.