డ్రోనులపైకి గ్రద్దలు



ఈ ఢిల్లీ నగరమున గ్రద్ద నెరుగనివారు లేరు. కార్యాలయపు పచ్చికపై కూర్చుండి తినుచుండగా చేతిలోని రొట్టెను తన్నుకొనిపోయిన గ్రద్దపై మనలో కొందరికి ఇప్పటికిని కోపము తీరలేదు. అట్టి గ్రద్ద నొకదానిని 2022 నవంబరులో ఉత్తరాఖండమునందలి ఔలీలో, అమెరికా సేనతో కలిసి జరిపిన విన్యాసములందు మన సైన్యము ప్రదర్శించినది. దాని పేరు అర్జున్. ఎగురుచున్న డ్రోనును పట్టి నేలకు దింపుట దానికి నేర్పిన పని.

తుపాకితో కొట్టరాదా యని మీరడుగవచ్చును. జనము క్రిక్కిరిసిన సభపై విరిగిన యంత్రము ఎవరి నెత్తిన పడునో చెప్పలేము. రేడియో సంకేతమును చెరచినచో ఇరుగుపొరుగు సాధనములకును చిక్కు కలుగవచ్చును. పక్షి యైనచో పట్టినదానిని కాళ్ళ నిరికించుకొని ఒక మూలకు దింపును.

వేటడేగలను మచ్చిక చేయుట మనకు క్రొత్త విద్య గాదు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసమునందు డేగవేటను వర్ణించెను. కుమావూను రాజు రుద్రదేవుడు శ్యైనికశాస్త్రమును రచించెను. విజయనగరము నేలిన సాళువ వంశపు పేరునందలి సాళువము వేటడేగయే. ఈ విద్యకంతకును మూలము ఆకలి. పక్షిని ప్రతిదినము తూచుదురు. కడుపు నిండినచో చెట్టుకొమ్మపై కూర్చుండి పిలిచినను రాదు. మరీ తగ్గినచో నీరసించును. ఆ రెంటి నడుమ సన్నని హద్దులోనే అది మాట వినును. డ్రోనును పట్టిన ప్రతిసారియు దానికొక మాంసపు ముక్క దొరకును. ఫ్రెంచి వైమానికదళమువారు 2016లో పొదిగిన నాలుగు గరుడపక్షి పిల్లలకు పసితనము నుండియు డ్రోను తునకలపైననే తిండి పెట్టి పెంచిరి. డ్యూమా నవలలోని వీరుల పేర్లు వానికి పెట్టిరి. తిరుగు పంకాలు వ్రేళ్ళను కోయకుండ తోలుతోను, కెవ్లారుతోను కాళ్ళకు తొడుగులు కుట్టిరి.

వారికంటె ముందే, 2016 ఆరంభముననే, ఈ పనికి పూనుకొన్న హాలెండు పోలీసులు 2017 చివర విరమించుకొనిరి. వ్యయ మధికము, అవసరము స్వల్పము. పైగా, శిక్షణలో చేసిన పనిని నిజమైన సమయమున పక్షి చేయునను నమ్మకము కుదరలేదు. ఈ మూడవ కారణమే నాకు ముఖ్యమని తోచుచున్నది. ఉత్తరువు వ్రాసినచో గుమాస్తా పాటించును, కనీసము పాటించినట్లు బదులు వ్రాయును. డేగకు ఆ మర్యాద లేదు.

ఆ పిమ్మట 2024లో తెలంగాణ పోలీసులు మొయినాబాదు శిక్షణాలయమున తమ గరుడ దళమును ప్రదర్శించిరి. తెలుగువాడనై నేనును సంతోషించితిని. కాని పక్షి ఒక్కసారికి ఒక్కదానినే పట్టగలదు. పది డ్రోనులు ఒక్కుమ్మడిగ వచ్చినను, పెద్ద పంకాల యంత్రమే వచ్చినను దానిని పంపుట క్రూరత్వము. వేటపక్షికి కాలే ఆయుధము, కాలే జీవనము. అది చెడినచో తానై తిండి సంపాదించుకొనలేదు.

కావున, ఇట్టి పథకములు పరిశీలనకు వచ్చునపుడు, పక్షి ఖరీదును, శిక్షకుని జీతమును మాత్రమే లెక్కింపరాదని నా మనవి. హాలెండు పథకము రెండేండ్లకే ముగిసినది. పెంపకములో నున్న గరుడపక్షి నలువదేండ్లు సయితము బ్రతుకవచ్చును. గాయపడినదానికి వైద్యము, ముదిసినదానికి కడదాక తిండి అను పద్దు మొదటి అంచనాలోనే చేర్చవలెను. మనకు పింఛను ఉన్నది గదా!